రాత్రి ఎవరి వంతు?

ఉపగ్రహాలూ సముద్రగర్భపు తీగలూ దూరాన్ని రద్దు చేశాయన్న మాట సాఫ్ట్‌వేర్ పరిశ్రమ చరిత్ర చెప్పేవాళ్లందరి నోటా వినిపిస్తుంది. ఇందులో సగమే నిజం ఉందని నేననుకుంటాను. తీగ దూరాన్ని దాటించింది గాని కాలాన్ని దాటించలేదు. ఒక దేశపు పగలు మరొక దేశపు రాత్రి. రెండు దేశాల బృందాలు మాట్లాడుకుంటూ ఒకే ప్రోగ్రాం రాయాలంటే ఎవరో ఒకరు తమ రాత్రిని ధారపోయాలి. ఎవరు ధారపోశారు? ఈ చరిత్రను నేను ఆ ప్రశ్నతోనే చదువుతాను.

ప్రశ్న కంప్యూటర్ల కంటే పాతది. 1906 జనవరి 1న బ్రిటిష్ ప్రభుత్వం ఈ దేశానికి ఒకే ప్రామాణిక కాలాన్ని తెచ్చింది. అది బొంబాయి స్థానిక కాలానికి 39 నిమిషాలు ముందు. ఆ నెలలోనే బొంబాయి నూలు మిల్లుల కార్మికులు వేలమంది పని మానేసి ఎదురు తిరిగారు. రైళ్లకూ వ్యాపారానికీ ఒకే గడియారం కావలసి వచ్చింది. అందుకోసం ముందుగా నిద్ర లేవవలసింది మాత్రం కార్మికులే.

సాఫ్ట్‌వేర్ తయారీలో ఈ సమస్య మరింత బిగుసుకుంటుంది. ఆ పనిలో సగం మాటలే గనక. సంస్థలో మనుషులు ఎలా మాట్లాడుకుంటారో వాళ్లు తయారుచేసే వ్యవస్థకూ అదే రూపం వస్తుందని 1968లో మెల్విన్ కాన్వే రాశాడు. ఐ.బి.ఎం.లో పెద్ద ప్రోగ్రాం నిర్మాణాన్ని నడిపిన ఫ్రెడరిక్ బ్రూక్స్, ఆలస్యమైన పనిలో కొత్తవాళ్లను చేరిస్తే అది మరింత ఆలస్యమవుతుందని 1975లో హెచ్చరించాడు. పదిమంది ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలంటే 45 జతలు, ఇరవైమందికి 190.

మొదట్లో ఈ చిక్కు తప్పించుకోడానికి మన ప్రోగ్రామర్లనే విమానమెక్కించి విదేశాలకు పంపారు. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగుళూరులో కేంద్రం తెరిచి, ఉపగ్రహం ద్వారా దాన్ని తన విదేశీ కార్యాలయాలతో కలిపింది. 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. మనుషుల బదులు పని ప్రయాణం చేయసాగింది. ఒకచోట పొద్దుగూకితే మరొకచోట పని అందుకుంటారు, ఎవరూ రాత్రి మేలుకోనక్కరలేదు అన్నారు. కాని అర్థం కాని విషయాన్ని అడిగి తెలుసుకోవలసి వచ్చినప్పుడల్లా సమావేశం తప్పలేదు. కాలిఫోర్నియాలో ఉదయం తొమ్మిదంటే శీతాకాలంలో హైదరాబాదులో రాత్రి పదిన్నర. వేసవిలో తొమ్మిదిన్నర. నవంబరులో అమెరికా తన గడియారాన్ని గంట వెనక్కి తిప్పుకుంటే ఇక్కడి రాత్రి గంట కరుగుతుంది. అక్కడ మాత్రం ఎప్పుడూ ఉదయం తొమ్మిదే. 1906 నాటి 39 నిమిషాలు నాకిక్కడ గుర్తుకొస్తాయి.

ఇది సాంకేతిక అనివార్యత అని వాదించేవారికి చరిత్రే జవాబు చెబుతుంది. 1991లో హెల్సింకి విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్‌ను అనేక దేశాల్లోని వేలమంది నిర్మించారు. వాళ్ల సమన్వయానికి ఆధారం ప్రధానంగా రాత. మార్పు ఎందుకు అవసరమో రాసి పంపుతారు; అవతలివారు తమ పగటివేళ చదివి జవాబు రాస్తారు. 2005లో టోర్వాల్డ్సే రూపొందించిన గిట్ వల్ల ప్రతి మార్పుకూ చేసినవారి పేరు, తేదీ, కారణం నమోదై, ఆ చరిత్ర అంతా ప్రతి ఒక్కరి యంత్రంలోనూ ఉంటుంది. రాత ఉన్నచోట రాత్రి మేలుకోవలసిన అవసరం తగ్గింది.

ఇదేదో స్వర్గమని నేననను. లినక్స్‌లో కూడా పెద్ద కంపెనీల జీతగాళ్లు చాలామంది ఉన్నారు. అక్కడ ఇంగ్లీషు బాగా రాయగలిగినవారిదే పైచేయి. తన ఉత్తరాల్లోని కాఠిన్యానికి 2018లో టోర్వాల్డ్సే క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. అయినా ఒక విషయం రుజువైంది. రాత్రి సమావేశం ప్రకృతి విధించింది కాదు. ఎవరి సమయం చౌకో నిర్ణయించే అధికారం దాన్ని విధించింది.

మన కథా, నవలా వలసపోయినవారి గురించి చాలా రాశాయి. ఊరు దాటకుండానే తన రాత్రిని వలస పంపినవాడి గురించి రాసింది తక్కువని నా అభిప్రాయం. పిల్లలు నిద్రపోయాక పక్కగదిలో గొంతు తగ్గించి మాట్లాడే ఆ మనిషి జీతాన్ని చూసి అతన్ని శ్రామికుల లెక్కలోంచి తీసేస్తున్నాం. జీతం ఎంతని అడిగినట్టే, ఆ సమావేశం ఎవరి గడియారం ప్రకారం పెట్టారని కూడా రచయితలు అడగాలి.