సొర చేపల పరిమాణం

ఈ వ్యాసం సముద్రంలో నివసించే సొర చేపలను గురించినది. ఇదే పేరు గల కూరగాయ కొరకు సొరకాయ చూడండి.

సొర చేపలు మృదులాస్థి చేపల తరగతికి చెందిన సముద్ర జీవులు. వీటిలో అరచేతిలో ఇమిడే చిన్న జాతుల నుండి, 18 మీటర్లకు మించి పెరిగే తిమింగల సొర వరకు వందలాది జాతులున్నాయి. ప్రపంచంలో అత్యధిక ప్రసిద్ధి పొందినది తెల్ల సొర. ఇది ఎంత పెద్దదిగా పెరుగుతుంది అన్న ప్రశ్న సుమారు నూట యాభై సంవత్సరాలుగా శాస్త్రజ్ఞులను, సామాన్యులను కూడా ఆకర్షిస్తున్నది. నమ్మదగిన కొలతల ప్రకారం తెల్ల సొర గరిష్ఠంగా 6 మీటర్లు (సుమారు 20 అడుగులు), లేదా అంతకు కొద్దిగా ఎక్కువ పెరుగుతుంది. 11 మీటర్లు పెరిగినట్లు ప్రచారంలో ఉన్న కథలు నిజం కావని తేలింది.

కోనసీమ తీరంలో తెల్ల సొర దొరకదు. కాని ఇక్కడి మత్స్యకారులకు ఇతర సొర జాతులు తరతరాలుగా పరిచయమే.

పేరు

తెలుగులో సొర, సొర్ర అనే రూపాలు రెండూ వాడుకలో ఉన్నాయి. వైద్యుడు, ఈస్టిండియా కంపెనీలో ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా పనిచేసిన పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వివరాలను, చిత్రాలను 1803లో లండనులో రెండు సంపుటాలుగా ప్రచురించాడు. చేపలకు స్థానికులు వాడే పేర్లనే అతడు ఆంగ్ల లిపిలో వ్రాసుకొన్నాడు. ఆ విధంగా పాల సొర అనే తెలుగు పేరు 19వ శతాబ్దపు శాస్త్ర గ్రంథాలలో 'పలసొర్రా' అనే జాతి నామంగా చేరింది. నేటికీ ఒక సొర జాతి శాస్త్రీయ నామం 'కార్కరైనస్ సొర్రా'. తోక అంచున నల్లని మచ్చ ఉండే ఈ సొర సుమారు ఒకటిన్నర మీటర్లు పెరుగుతుంది.

తిమింగలం అనే మాటకు సంస్కృతంలో 'తిమి అనే చేపను మింగునది' అని అర్థం. అయితే తిమింగలం చేప కాదు. అది ఊపిరితిత్తులతో శ్వాసించి, పిల్లలకు పాలిచ్చే క్షీరదం. సొర మొప్పలతో శ్వాసించే చేప. తిమింగల సొర కూడా చేపయే. పరిమాణాన్ని బట్టి మాత్రమే దానికి ఆ పేరు వచ్చింది.

కోనసీమ తీరంలో సొరలు

గౌతమి, వసిష్ఠ పాయల నడుమ ఉన్న కోనసీమకు దక్షిణాన, తూర్పున బంగాళాఖాతం ఉంది. వసిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేది, వైనతేయ పాయ కలిసే ఓడలరేవు, గౌతమి ముఖద్వారం వద్దనున్న భైరవపాలెం, బలుసుతిప్ప మొదలైన గ్రామాలలో చేపల వేట ప్రధాన వృత్తి. నది తెచ్చే ఒండ్రుమట్టి, మడ అడవులు, ఉప్పునీరు మంచినీరు కలిసే కయ్యలు చిన్న చేపలకు, రొయ్యలకు పెరిగే చోట్లు. వాటిని తినడానికి సొరలు తీరానికి చేరువగా వస్తాయి. కొన్ని జాతుల సొరలు ముఖద్వారాల సమీపంలోని లోతు తక్కువ నీటిలోనే పిల్లలను వదులుతాయి.

ఈ తీరంలో వలలకు చిక్కేవి ఎక్కువగా చిన్న సొరలు. వీటిలో పాల సొర ముఖ్యమైనది. ఇది సాధారణంగా ఒక మీటరు పొడవు ఉంటుంది. తలకు రెండు ప్రక్కలా కొమ్ముల వంటి భాగాలు ఉండే సొరను కొమ్ము సొర అంటారు. ఒంటిపై చారలున్న పులి సొర పెద్ద జాతులలో ఒకటి. టేకు చేపలు సొరలకు దగ్గరి బంధువులు.

అత్యంత అరుదైన పుదుచ్చేరి సొర 2016లో కాకినాడ సమీపాన గోదావరి ముఖద్వార ప్రాంతంలో కనబడినట్లు పత్రికలలో వార్తలు వచ్చాయి. ఈ జాతి అంతరించిపోయిందేమో అని శాస్త్రజ్ఞులు సందేహిస్తున్న కాలంలో ఆ వార్త వెలువడింది.

తెల్ల సొర 12 నుండి 24 డిగ్రీల సెంటీగ్రేడు ఉష్ణోగ్రత గల సముద్రాలను ఎక్కువగా ఇష్టపడుతుంది. దక్షిణాఫ్రికా, దక్షిణ ఆస్ట్రేలియా, కాలిఫోర్నియా, మెక్సికో తీరాలు దీనికి ప్రసిద్ధి. బంగాళాఖాతపు ఉపరితల జలాలు సంవత్సరంలో చాలా భాగం 27 డిగ్రీలకు మించి వెచ్చగా ఉంటాయి. సీళ్ళ వంటి కొవ్వు గల ఆహార జంతువులు కూడా ఇక్కడ లేవు. అందుచేత పెద్ద సొర వలలో పడిన ప్రతిసారీ అది తెల్ల సొర అని అనుకోవడం సరి కాదు.

తెల్ల సొర పరిమాణం

తెల్ల సొర శాస్త్రీయ నామం కార్కరోడాన్ కార్కరియాస్. పుట్టినప్పుడే పిల్ల 1.2 నుండి 1.5 మీటర్ల పొడవు ఉంటుంది. పెరిగిన మగ సొర 3.4 నుండి 4 మీటర్లు, ఆడ సొర 4.6 నుండి 4.9 మీటర్లు ఉండడం సాధారణం. అనేక సొర జాతులలో వలెనే ఇందులో కూడా ఆడదే పెద్దది.

నమ్మదగిన కొలతలలో 1988లో కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవి వద్ద పట్టుబడిన ఆడ సొర 6.1 మీటర్లు ఉంది. 2013లో మెక్సికోకు చెందిన గ్వాడలూపే దీవి వద్ద చిత్రీకరించిన 'డీప్ బ్లూ' అనే ఆడ సొర కూడా ఆరు మీటర్లకు పైబడి ఉంటుందని అంచనా వేశారు. గాలంతో పట్టి తూచిన తెల్ల సొరలలో రికార్డు 1959లో దక్షిణ ఆస్ట్రేలియాలోని సెడూనా వద్ద ఆల్ఫ్ డీన్ పట్టినది. దాని పొడవు సుమారు 5.1 మీటర్లు, బరువు 1,208 కిలోలు.

అతిశయోక్తులు

1870లో బ్రిటిష్ మ్యూజియం ప్రచురించిన చేపల జాబితాలో ఆస్ట్రేలియాలోని పోర్ట్ ఫెయిరీ వద్ద దొరికిన తెల్ల సొర పొడవు 36.5 అడుగులు (సుమారు 11 మీటర్లు) అని ఉంది. దాదాపు వంద సంవత్సరాలు పాఠ్యగ్రంథాలు దీనినే తిరిగి వ్రాశాయి. మ్యూజియంలో భద్రపరచిన ఆ సొర దవడలను, పళ్ళను జె. ఇ. రాండల్ అనే శాస్త్రజ్ఞుడు పరిశీలించి, అది సుమారు 5 మీటర్లు మాత్రమే ఉండవచ్చునని 1973లో ప్రకటించాడు. 16.5 అని ఉండవలసిన అంకె 36.5గా అచ్చయి ఉండవచ్చునని కొందరి అభిప్రాయం. ఒక్క అంకె తప్పు ఒక శతాబ్దం పాటు నిజంగా చెలామణి అయినదన్న మాట.

1930లలో కెనడాలో దొరికినదని చెప్పే 37 అడుగుల తెల్ల సొర, నిజానికి మరొక జాతికి చెందిన బాస్కింగ్ సొర అయి ఉండవచ్చునని భావిస్తారు. 1945లో క్యూబాలోని కోహిమార్ వద్ద పట్టిన సొర 6.4 మీటర్లని ప్రచారమయింది. తరువాత ఛాయాచిత్రాలను పరిశీలించినవారు అది సుమారు 5 మీటర్లే అన్నారు. 1987లో మాల్టా వద్ద దొరికిన సొర 7 మీటర్లకు మించిందన్న వాదన కూడా వివాదాస్పదమే.

కొలతలలో తేడాలు రావడానికి కారణాలు అనేకం. ముక్కు కొన నుండి తోక చీలిక వరకు కొలిస్తే ఒక అంకె, తోక చివరి వరకు కొలిస్తే మరొక అంకె వస్తుంది. కొలతటేపును ఒంటి వంపు మీదుగా వేస్తే పొడవు పెరుగుతుంది. ఒడ్డున బరువుకు అణగి పరచుకొన్న చేప పెద్దదిగా కనిపిస్తుంది. ఛాయాచిత్రంలో చేప ముందు, మనిషి దూరంగా వెనుక నిలబడితే చేప మరీ పెద్దదనిపిస్తుంది. ప్రస్తుతం బ్రతికి ఉన్న సొరను పట్టకుండానే, సమాంతరంగా ప్రసరించే రెండు లేజర్ కిరణాల సహాయంతోను, డ్రోన్ చిత్రాలతోను కొలుస్తున్నారు.

పొడవుకు బరువుకు గల సంబంధం

ఆకారం మారకుండా పొడవు రెండింతలైతే బరువు ఎనిమిదింతలవుతుంది. ఎందుకనగా పొడవు, వెడల్పు, మందం మూడూ రెండింతలవుతాయి. ఆల్ఫ్ డీన్ పట్టిన సొరను ఆధారంగా తీసుకొని లెక్కిస్తే, 6.1 మీటర్ల సొర సుమారు 2 టన్నులు ఉండాలి. ఇది పరిశీలనలకు దగ్గరగానే ఉంది. అదే లెక్క ప్రకారం 11 మీటర్ల సొర సుమారు 12 టన్నులు ఉండాలి. అది ఇంచుమించు ఒక ఆర్టీసీ బస్సు పొడవు. వార్తలలో వచ్చే కొలతలు ఎంతవరకు నమ్మదగినవో విద్యార్థులు ఈ సూత్రంతో స్వయంగా పరీక్షించుకొనవచ్చును.

తిమింగల సొర

ప్రస్తుతం జీవించి ఉన్న చేపలన్నిటిలో పెద్దది తిమింగల సొర. ఒంటిపై తెల్లని చుక్కలు, వెడల్పైన నోరు దీని గుర్తులు. ఇది నీటిని వడపోసి అందులోని సూక్ష్మజీవులను, చిన్న చేపలను తింటుంది. మనుషులకు అపాయం చేయదు. 2001లో అరేబియా సముద్రంలో దొరికిన ఒక తిమింగల సొర పొడవు 18.8 మీటర్లుగా నమోదయింది. 1949లో కరాచీ వద్ద బాబా దీవిలో దొరికినది 12.65 మీటర్లు, బరువు 21 టన్నులకు పైగా అని అంచనా.

బంగాళాఖాతంలో కూడా ఇది తిరుగుతుంది. 2021 డిసెంబరులో అప్పటి విశాఖపట్నం జిల్లాలోని తంతడి తీరానికి ఒక తిమింగల సొర కొట్టుకొని వచ్చింది. అటవీశాఖ సిబ్బంది, మత్స్యకారులు, వన్యప్రాణి ప్రేమికులు కలిసి దానిని తిరిగి లోతు నీటిలోకి పంపగలిగారు. దాని బరువు రెండు టన్నులని వార్తలు వచ్చాయి. బాబా దీవి సొరతో పోల్చి లెక్కిస్తే, ఆ బరువు గల తిమింగల సొర పొడవు ఆరు మీటర్ల ప్రాంతంలో ఉండాలి. అనగా అది ఇంకా పెరుగుతున్న పిల్ల అయి ఉండాలి.

వివిధ జాతుల గరిష్ఠ పొడవు (సుమారుగా)

* తిమింగల సొర – 18.8 మీటర్లు
* బాస్కింగ్ సొర – 12 మీటర్లు
* తెల్ల సొర – 6.1 మీటర్లు
* పెద్ద కొమ్ము సొర – 6 మీటర్లు
* పులి సొర – 5.5 మీటర్లు
* పాల సొర – 1.8 మీటర్లు
* మరుగుజ్జు లాంతరు సొర – 20 సెంటీమీటర్లు

సుమారు 36 లక్షల సంవత్సరాల క్రితం అంతరించిన మెగలోడాన్ అనే సొర వీటిలో చాలావాటికంటె పెద్దది. దాని అస్థిపంజరం పూర్తిగా లభించలేదు. పళ్ళు, కొన్ని వెన్నుపూసల ఆధారంగా 15 నుండి 20 మీటర్లని చాలాకాలం అంచనా వేశారు. 2025లో ప్రచురితమైన ఒక పరిశోధన అది 24 మీటర్ల వరకు ఉండవచ్చునని సూచించింది.

ప్రజలలో ఆసక్తి, భయం

పీటర్ బెంచ్లీ 1974లో వ్రాసిన 'జాస్' నవల, దాని ఆధారంగా స్టీవెన్ స్పీల్‌బర్గ్ 1975లో తీసిన చలనచిత్రం తెల్ల సొర పట్ల ప్రపంచవ్యాప్తంగా భయాన్ని కలిగించాయి. చిత్రంలోని యాంత్రిక సొర పొడవు 25 అడుగులు. అంటే నిజమైన సొరలలో అతి పెద్దదానికంటె కూడా పెద్దది. బెంచ్లీ తరువాతి కాలంలో సొరల సంరక్షణకై ప్రచారం చేశాడు. 1988 నుండి డిస్కవరీ ఛానల్ ప్రతి ఏటా సొరలపై ఒక వారం పాటు ప్రత్యేక కార్యక్రమాలు ప్రసారం చేస్తున్నది.

ప్రపంచం మొత్తంమీద, రెచ్చగొట్టకుండా సొరలు మనుషులను కరిచే సంఘటనలు ఏటా సగటున 60 నుండి 70 వరకు మాత్రమే నమోదవుతాయి. మరణాలు సాధారణంగా పదికి లోపే. దీనికి ఎదురుగా మానవులు ఏటా చంపే సొరల సంఖ్య సుమారు 10 కోట్లని 2013లో ప్రచురితమైన ఒక అధ్యయనం అంచనా వేసింది.

ఆహారంగా సొర

గోదావరి జిల్లాలలో సొర పిట్టు ప్రసిద్ధమైన వంటకం. సొర ముక్కలను ఉడికించి, ఇసుక వలె గరుకుగా ఉండే చర్మాన్ని తీసివేసి, మాంసాన్ని పొడిపొడిగా విడదీసి, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లితో వేయిస్తారు. సొర మాంసంలో యూరియా ఉంటుంది. నిలవ ఉంటే అమ్మోనియా వాసన వస్తుంది కనుక తాజాగా వండవలసి ఉంటుంది. పాల సొర తింటే బాలింతలకు పాలు పడతాయని సంప్రదాయ విశ్వాసం.

ఇక్కడ సొర పరిమాణం ఆరోగ్యంతో కూడా ముడిపడి ఉంది. సముద్రంలోని పాదరసం చిన్న చేపల నుండి వాటిని తినే పెద్ద చేపలకు చేరుతూ పోగుపడుతుంది. చేప ఎంత పెద్దదైతే, ఎంత వయసుదైతే దానిలో పాదరసం అంత ఎక్కువ. పాదరసం గర్భస్థ శిశువుల, పసిపిల్లల మెదడు పెరుగుదలకు హాని చేస్తుంది. అందుచేతనే అమెరికా ఆహార, ఔషధ సంస్థ గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్న పిల్లలు తినకూడని చేపల జాబితాలో సొరను చేర్చింది. పాల సొర చిన్న జాతి అయినప్పటికీ, బజారులో ముక్కలుగా అమ్మే సొర ఏ జాతిదో, ఎంత పెద్దదో కొనేవారికి తెలియదు. బాలింతలకు ప్రత్యేకించి పెట్టే ముందు వైద్యుల సలహా తీసుకొనడం మంచిది.

సంరక్షణ

పెద్ద సొరలు చాలా నిదానంగా పెరుగుతాయి. తెల్ల సొర 70 సంవత్సరాలకు పైగా జీవించగలదని 2014లో వెల్లడయింది. ఆడ సొర సంతానోత్పత్తికి రావడానికి సుమారు 33 సంవత్సరాలు పట్టవచ్చునని మరొక అధ్యయనం తెలిపింది. కనుక పెద్ద సొర ఒకటి చనిపోతే ఆ స్థానం భర్తీ కావడానికి ఒక మనిషి తరం కాలం కావాలి. 1970 తరువాత ఐదు దశాబ్దాలలో మహాసముద్రాల సొరలు, టేకుల సంఖ్య 71 శాతం తగ్గిపోయిందని 2021లో ప్రచురితమైన పరిశోధన పేర్కొన్నది.

భారతదేశంలో 2001లో తిమింగల సొరను వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో చేర్చారు. ఈ రక్షణ పొందిన మొదటి చేప ఇదే. అదే సంవత్సరంలో పుదుచ్చేరి సొర, గంగా సొర మొదలైన కొన్ని జాతులను కూడా చేర్చారు. 2015లో సొర రెక్కల ఎగుమతిని నిషేధించారు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు అమలులో ఉండే వేట నిషేధం సొరలకు కూడా కొంత ఊరట.

వలలో పడిన రక్షిత సొరను విడిపించాలంటే వల కోయవలసి వస్తుంది. వల విలువ మత్స్యకార కుటుంబానికి చిన్నది కాదు. గుజరాతు తీరంలో తిమింగల సొరను విడిచిపెట్టిన మత్స్యకారులకు దెబ్బతిన్న వలకు పరిహారం చెల్లించే ఏర్పాటు చేయడంతో అక్కడ వందలాది తిమింగల సొరలు తిరిగి సముద్రానికి చేరాయి. చట్టంతో పాటు వేటగాని నష్టాన్ని కూడా గుర్తించినప్పుడే సంరక్షణ ఫలిస్తుందని ఈ అనుభవం తెలుపుతున్నది.

ఇవి కూడా చూడండి

* తిమింగలం
* పులస చేప
* కోనసీమ
* అంతర్వేది
* కోరింగ వన్యప్రాణి అభయారణ్యం