నిద్రపుచ్చడమా? భయం తీర్చడమా?

కిందటి నెలలో ధర్మవరం నుంచి మా చెల్లెలు ఫోను చేసింది. దాని మనుమడికి నాలుగేళ్ళు. హెర్నియాకు శస్త్రచికిత్స చేయాలన్నారు. "అన్నా, ఆపరేషను గదిలోకి ఎత్తుకుపోకముందే ఏదో తీపి మందు తాపుతారంట. అది తాగితే మత్తుగా ఉంటుందంట. మన అవ్వ చెప్పేది చూడు, నల్లమందు, అదేనా ఇది?" అని అడిగింది. అప్పటికి ఏదో సర్దిచెప్పి ఫోను పెట్టేశాను గాని, ఆ ప్రశ్న నన్ను వదలలేదు. అది అమాయకమైన ప్రశ్నేమీ కాదు. పసిపిల్లలకు మత్తు ఎందుకిస్తారు, ఎవరికోసం ఇస్తారు అన్న పాత ప్రశ్న దానిలో దాగి ఉంది. దానికి జవాబు వెతుక్కుంటూ చదివినదీ, నాకు గుర్తున్నదీ కలిపి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అవ్వది పెనుకొండ. ఆమె చిన్నతనంలో, అంటే సుమారు నూరేళ్ళ కిందట, కూలికి పోయే తల్లులు చంటిబిడ్డ నాలుకకు ఆవగింజంత నల్లమందు రాసి, చెట్టుకొమ్మకు కట్టిన ఉయ్యాలలో పడుకోబెట్టి చేలోకి దిగేవారట. సాయంత్రందాకా బిడ్డ కదలదు. అవ్వ తమ్ముడొకడు అట్లా పడుకుని మరి లేవలేదు. "ఆవగింజ రవ్వంత పెద్దదయింది, అంతే నాయనా" అని అవ్వ ఆ కథ ముగించేది. తల్లిని ఒక్క మాట అనేది కాదు. కూలి పోతే ఆ పూట పొయ్యి వెలగదని అవ్వకు తెలుసు.

ఇది మన సీమలోనే పుట్టిన అలవాటు కాదు. ఇంగ్లండులో కార్మికుల ఇళ్ళలో గాడ్‌ఫ్రే కార్డియల్ అనే నల్లమందు పానకాన్ని పిల్లలకు పట్టేవారు. బొంబాయి మిల్లులలో పనిచేసే తల్లులు నల్లమందు మాత్రలు వాడేవారు. 1893లో బ్రిటిషు ప్రభుత్వం నియమించిన రాయల్ ఓపియం కమిషన్ ముందు, పసివాళ్ళకు నల్లమందు పెట్టడం గురించి ఎందరో సాక్ష్యం చెప్పారు. ఎక్కడైనా కారణం ఒకటే. బిడ్డ నిద్రపోవలసినది బిడ్డ కోసం కాదు, పెద్దల పని సాగడం కోసం.

ఇక నా సంగతి. 1968లో నాకు ఆరేళ్ళు. గొంతులో టాన్సిల్సు తీయించడానికి నాన్న నన్ను హిందూపురంలో రైలెక్కించి బెంగుళూరు తీసుకుపోయాడు. శస్త్రచికిత్స బాధ నాకు ఇసుమంతయినా జ్ఞాపకం లేదు. గుర్తున్నదల్లా దానికి ముందరి రెండు నిమిషాలు. నాన్న తలుపు బయటే ఆగిపోయాడు. ఇద్దరు మనుషులు నా చేతులూ కాళ్ళూ అదిమిపట్టారు. ముఖం మీద గుడ్డ చుట్టిన తీగ జల్లెడ లాంటిది పెట్టి, దాని మీద ఈథరు చుక్కలు చుక్కలుగా పోశారు. ఊపిరాడక తన్నుకున్నాను. తరువాత చాలా ఏళ్ళపాటు, ఆ వాసనకు దగ్గరగా ఏది తగిలినా నా అరచేతులు చెమర్చేవి. ఆ మనుషులు క్రూరులు కారు. ఆనాటి పద్ధతి అది. నేను నిద్రపోయానా లేదా అన్నది వాళ్ళు చూశారు. ఎట్లా నిద్రపోయానన్నది లెక్కలోకి రాలేదు.

మత్తువైద్యం చరిత్ర తిరగేస్తే ఆ లెక్క ఎంత ఆలస్యంగా మొదలయిందో తెలుస్తుంది. 1846 అక్టోబరు 16న బోస్టనులో విలియం మోర్టన్ ఈథరు మత్తును అందరిముందూ చూపాడు. 1847 నవంబరులో ఎడిన్‌బరోలో జేమ్స్ సింప్సన్ క్లోరోఫారం తెచ్చాడు. ఆ తరువాత పట్టుమని మూడు నెలలు కాకముందే, 1848 జనవరి 28న, న్యూకాజిల్ దగ్గరి ఒక పల్లెలో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ పిల్ల చనిపోయింది. కాలి గోరు తీయడానికి క్లోరోఫారం ఇచ్చారు. కొద్ది నిమిషాలలో ప్రాణం పోయింది. క్లోరోఫారం మరణాలలో మొదట నమోదైనది ఇదే. ఆ పిల్ల శస్త్రచికిత్సకు ఎంతో బెదిరి ఏడ్చిందని కూడా అప్పటివాళ్ళు రాసిపెట్టారు. రాసిపెట్టారే గాని, ఆ బెదురుకూ ఆ చావుకూ సంబంధం ఉండవచ్చునని చాలాకాలం ఎవరికీ తట్టలేదు.

ఈ కథలో మన తెలుగునేలకూ ఒక అధ్యాయం ఉంది. 1800లో నిజాము కంపెనీకి అప్పగించిన దత్తమండలాల వాళ్ళం మేము. ఆ నిజాముల రాజధానిలోనే, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కాలంలో, క్లోరోఫారం గుండెను ఆపుతుందా, ఊపిరిని ఆపుతుందా అన్న వివాదానికి పరీక్షలు జరిగాయి. రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డ్ లారీ 1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫారం కమిషన్ నడిపాడు. లండనులోని లాన్సెట్ పత్రిక దాని ఫలితాలను శంకించింది. అప్పుడు నిజాము వెయ్యి పౌండ్లు ఇచ్చి, ఆ పత్రిక తరఫు మనిషినే పిలిపించాడు. అలా వచ్చిన లాడర్ బ్రంటన్ సమక్షంలో 1889లో రెండవ కమిషన్ కూర్చుంది. వందలాది జంతువుల మీద పరీక్షలు చేశారు. లారీ దగ్గర చదువుకుని, మత్తు ఇవ్వడంలో ఆరితేరిన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచపు తొలి మహిళా మత్తువైద్యులలో ఒకరు. లారీ తేల్చిన మాట ఇది: క్లోరోఫారం ముందుగా ఆపేది ఊపిరినే, కాబట్టి నాడి పట్టుకుని కూర్చోకండి, శ్వాసను కనిపెట్టి ఉండండి.

శ్వాసను కనిపెట్టమన్న మాట బంగారం. గుండెకు భయం లేదన్న మాట మాత్రం నిలవలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ అనే ఆంగ్ల వైద్యుడు పిల్లుల మీద పరీక్షలు చేసి, క్లోరోఫారం మత్తు తేలికగా ఉన్నప్పుడు రక్తంలోకి అడ్రినలిన్ చేరితే గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోగలదని చూపాడు. అడ్రినలిన్ అంటే భయం కలిగినప్పుడు మన ఒంట్లోనే ఊరే రసం. అంటే భయం కేవలం మనసులోని మాట కాదు, అదీ రక్తంలో కలిసే ఒక మందే. హానా గ్రీనర్ చావుకు కారణమేమిటన్నది నేటికీ చర్చలోనే ఉన్నా, ఆ పిల్ల ఏడుపును ఇక పక్కన పెట్టడానికి వీలు లేకపోయింది.

అప్పటికే పెద్దలకు శస్త్రచికిత్సకు ముందు మార్ఫిను, అట్రొపిను సూది వేయడం వాడుకలో ఉంది. పిల్లలకు ఆ సూదే మొదటి భయం. 1945లో డేవిడ్ లెవీ (పై లెవీ కాదు, అమెరికాలో మానసిక వైద్యుడు) శస్త్రచికిత్స తరువాత పిల్లలలో కనిపించే రాత్రి కలవరింతలు, తల్లిని వదలలేకపోవడం వంటివాటి మీద రాశాడు. 1953లో ఎకెన్‌హాఫ్ అనే మత్తువైద్యుడు, మత్తు ఇచ్చిన తీరుకూ ఈ మార్పులకూ సంబంధం వెతికాడు. సూది లేకుండా నోటితో ఇచ్చే మందు కావలసి వచ్చింది.

ఉన్నవాటిలో పాతది క్లోరల్ హైడ్రేట్. లీబిగ్ 1832లో తయారుచేసిన ఈ పదార్థం నిద్ర తెప్పిస్తుందని 1869లో బెర్లినులో లీబ్రైఖ్ కనుగొన్నాడు. రుచి ఘోరం, కడుపులో మంట. దాని చుట్టమే ట్రైక్లోఫాస్. ఒంట్లోకి వెళ్ళాక రెండూ ఒకే పదార్థంగా మారతాయి. కాని ట్రైక్లోఫాస్ కడుపును అంతగా బాధించదు, తీయటి సిరప్‌గా దొరుకుతుంది, మన దేశంలో బాగా వాడారు. పనిచేయడానికి సుమారు గంట పడుతుంది, మత్తు దిగడమూ ఆలస్యమే. ప్రోమెథజైన్ మరొకటి. 1940లలో అలర్జీకి మందుగా పుట్టి, మత్తు గుణం వల్ల పిల్లల గదిలోకి వచ్చింది. ఊపిరి ఆగిన ఘటనల వల్ల, రెండేళ్ళలోపు పిల్లలకు వాడరాదని 2004లో అమెరికా ప్రభుత్వం గట్టిగా హెచ్చరించింది. కెటమైన్ నోటితో ఇస్తే నొప్పి కూడా తగ్గిస్తుంది గాని లాలాజలం ఊరుతుంది, కొందరికి పీడకలలు వస్తాయి.

1970ల నడుమ రోష్ కంపెనీ ప్రయోగశాలలో పుట్టిన మిడజోలం ఈ వరుసను మార్చింది. బిడ్డ బరువు కిలోకు సుమారు అర మిల్లీగ్రాము చొప్పున తాగిస్తే ఇరవై ముప్ఫై నిమిషాలలో పనిచేస్తుంది. చిత్రమేమంటే బిడ్డ నిద్రపోనక్కరలేదు. మెలకువగానే, నవ్వుతూనే, కొత్తవాళ్ళ చేతుల్లోకి పోతాడు. ఆ తరువాత జరిగినవి చాలావరకు గుర్తుండవు. మందు మాత్రం కటిక చేదు. సూదిమందునే తేనెలోనో పానకంలోనో కలిపి తాగించడం చాలాచోట్ల ఉంది. మా హిందూపురం బెల్లానికి కూడా లొంగని చేదు అది. 1998లో జీవ్ కెయిన్ బృందం, తల్లినో తండ్రినో వెంట రానివ్వడాన్నీ మిడజోలం ఇవ్వడాన్నీ పోల్చి చూసి, భయం తగ్గించడంలో మందుదే పైచేయి అని చూపింది. ఇటీవల డెక్స్‌మెడిటొమిడిన్ వచ్చింది. నోటితో ఇస్తే ఎక్కువభాగం వృథా అవుతుంది కనుక ముక్కులో వేస్తారు. అది తెచ్చే మత్తు సహజ నిద్రకు దగ్గర, పిలిస్తే లేస్తారు. కాకపోతే అరగంట పైన ఆగాలి.

వీటిలో ఏదీ ఇంట్లో వాడేది కాదు. ఆవగింజ ఎప్పుడు పెద్దదవుతుందో చెప్పలేం. నిద్రలో గురకపెట్టి ఊపిరి తడబడే పిల్లలకు, టాన్సిల్సు వాచినవాళ్ళకు, వీటిలో కొన్ని మరీ ప్రమాదం. తాగించిన క్షణం నుంచి ఒక మనిషి పక్కనే ఉండాలి, ప్రాణవాయువు సిద్ధంగా ఉండాలి, వేలికి తగిలించే ఆక్సిమీటరు ఉండాలి. లారీ కంటితో కనిపెట్టమన్నదానిని ఇప్పుడు ఆ చిన్న యంత్రం కూడా కనిపెడుతుంది.

చెల్లెలికి మళ్ళీ ఫోను చేసి ఇంత కథా చెప్పలేదు. "నల్లమందు మన పని కోసం పెట్టేవాళ్ళమ్మా. ఇది వాడి భయం పోవడానికి. గురక ఉంటే డాక్టరుకు ముందే చెప్పు. మందు తాపినాక వాడి పక్కన ఎవరుంటారో అడుగు" అన్నాను. ఆ రెండో ప్రశ్న అడిగిందట. అడిగినందుకు ఎవరూ విసుక్కోలేదట.

శస్త్రచికిత్స అయిన సాయంత్రం వాడితోనే మాట్లాడించింది. "తాతా, డాక్టరు నాకు చేదు పానకం ఇచ్చినాడు" అన్నాడు. తరువాత ఏమయిందిరా అని అడిగాను. కాసేపు ఆలోచించి, "ఏమో" అన్నాడు.

యాభై ఏళ్ళ పైబడి ఆ రెండు నిమిషాలను మోస్తున్న నాకు, ఆ "ఏమో" ఎంత విలువైనదో తెలుసు.