ఫొటో కెమెరాలో సినిమా ఫిల్ము: మసిపూతతోనే చిక్కు

ఫొటో కెమెరాలో సినిమా ఫిల్ము వాడటం కొత్త ప్రయోగమేమీ కాదు, 35 మి.మీ. ఫొటో కెమెరా పుట్టిందే అలా. జర్మనీలోని లైట్జ్ సంస్థలో పనిచేసిన ఆస్కార్ బార్నాక్ 1914 నాటికే సినిమా ఫిల్మును అడ్డంగా నడిపి, 24×36 మి.మీ. చిత్రం తీసే చిన్న కెమెరాను రూపొందించారు. 1925లో అది లైకా పేరుతో మార్కెట్లోకి వచ్చింది.

నేటి కొడాక్ విజన్3 నెగటివ్ సైతం మామూలు కెమెరాలో చక్కగా ఇముడుతుంది. 100 అడుగుల చుట్టను చీకటిలో కత్తిరించి నింపుకుంటే 36 ఫొటోల రీళ్లు సుమారు 18 వస్తాయి. అయితే 500టి రకాన్ని స్టూడియో దీపాల వెలుగు కోసం తయారుచేశారు. నగర్‌నార్ మధ్యాహ్నపు ఎండలో 85 నంబరు నారింజ ఫిల్టరు లేకుండా తీస్తే బొమ్మంతా నీలిఛాయ కమ్ముతుంది.

అసలు చిక్కు కడిగేటప్పుడు వస్తుంది. 2025 వరకు తయారైన చాలా రంగుల సినిమా నెగటివ్‌ల వెనుక రెమ్‌జెట్ అనే నల్లని మసిపూత ఉంటుంది. వెలుతురు ఫిల్ము గుండా వెళ్లి తిరిగి ప్రతిఫలించకుండా, రాపిడికి స్థిర విద్యుత్తు పుట్టకుండా కాపాడేది అదే. ల్యాబుకు చెప్పకుండా ఇస్తే, సి-41 యంత్రంలో ఆ మసి ఊడి రసాయనాల్లో కలుస్తుంది. అదే తొట్టెలో ఉన్న మరొకరి పెళ్లి ఫొటోలు పాడవుతాయి. వాటిని మళ్లీ తీయలేం కదా. ఇంట్లో కడిగేవారు వంటసోడా కలిపిన గోరువెచ్చని నీటిలో నానబెట్టి, ముందుగా ఈ పూతను వదిలిస్తారు. కొత్తవారికి నలుపు-తెలుపు డబుల్-ఎక్స్ మేలు, దానికి ఈ పూత ఉండదు.

రంగుల నెగటివ్‌కు ఉద్దేశించిన ప్రక్రియ ఇసిఎన్-2. పూత తీశాక సి-41లోనూ బొమ్మ వస్తుంది గానీ కాంట్రాస్టు పెరిగి రంగులు కొంత మారతాయి. ఆ తేడానే కోరుకునేవారూ ఉన్నారు.