దారి తొలగించిన పాదములు

జనగామ నుండి సూర్యాపేటకు పోవు బాటలో, ఎఱ్ఱని చెల్కలకును నల్లని రాతిగుట్టలకును నడుమ, తిరుమలగిరి యను ఊరు కలదు. మొన్నమొన్నటి వఱకు నల్లగొండ జిల్లాలో నుండి, 2016వ సంవత్సరము అక్టోబరులో సూర్యాపేట జిల్లాకు చేరిన యీ ఊరి పేరు విన్నంతనే ఎవరికిని పరుగుపందెములు స్ఫురింపవు. అయినను, మన పల్లెల బాలికలు దేశాంతరములకు పోయి ప్రపంచ యువజన క్రీడలలో పరుగెత్తుచున్న యీ కాలమున, తెలంగాణపు పరుగునకు చరిత్ర వ్రాయబూనువాడు హైదరాబాదు క్రీడాప్రాంగణముల యొద్ద గాక, ఇట్టి ఊరి బాటయొద్దనే మొదట నిలువవలెనని నా దృఢవిశ్వాసము. ఈ బాటమీద మనుష్యులు తరతరములుగా పరుగెత్తిరి. ఆ పరుగు ఎవరి ఆజ్ఞకు లోబడి యుండెను, ఎన్నడు ఆ ఆజ్ఞ తొలగెను, తొలగిన పిమ్మట ఆ పాదములు ఎచ్చటికి చేరెను అనునదియే ఈ వ్యాసమునకు విషయము.

నిజాము పాలనాకాలమున వెట్టి యను దురాచారము తెలంగాణమంతటను వ్యాపించి యుండగా, నల్లగొండ జిల్లా దాని భారమును మిక్కిలిగా మోసిన సీమలలో నొకటి. కుమ్మరి కుండలను, చాకలి చాకిరిని, మాదిగ చెప్పులను, గొల్ల గొఱ్ఱెను వెలలేక దొరల గడికి సమర్పింపవలసిన ఆ వ్యవస్థలో, ఏ వస్తువును ఈయజాలని నిరుపేద తన కాళ్లనే ఈయవలసి వచ్చెడిది. భూస్వాములైన దేశ్‌ముఖులును అధికారులును చిన్న సవారిబండ్లలో ఊరి నుండి ఊరికి తరలునపుడు వెట్టివారు బండికి ముందును వెనుకను పరుగెత్తుచు దారి తొలగింపవలసి యుండెడిదని పుచ్చలపల్లి సుందరయ్యగారు తెలంగాణ పోరాటచరిత్రలో వ్రాసియున్నారు. ఆ దృశ్యమును ఒక్క నిమిషము కన్నులయెదుట నిలుపుకొనవలెను. మెడలో మువ్వలు మ్రోయుచుండ రెండు జాతి ఎడ్లు దౌడు తీయుచున్నవి. వాని ముందు చెప్పులు లేని కాళ్లతో, తలకు గుడ్డ చుట్టుకొని, పల్లేరుకాయలు గుచ్చుకొనుచున్నను ఆగుటకు వీలులేక ఒక మనుష్యుడు పరుగెత్తుచున్నాడు. అతడు నెమ్మదించెనేని వెనుకనున్న ఎడ్ల కొమ్ములు వీపునకు తగులును; గమ్యము చేరిన పిమ్మట గడిలోనికి ప్రవేశము లేదు, వాకిటనే నిలిచి మరల తిరుగుప్రయాణమునకు వేచియుండవలెను. ఎంత దూరమును ఎంత కాలమున పరుగెత్తెనో లెక్కించినవాడు లేడు. ఆ పరుగునకు కూలి లేదు, పేరు లేదు.

ఆ దారి తొలగించుట 1946లో ఆగుటకు మొదలిడినది. నాడు నల్లగొండ జిల్లాలోనిదైన జనగామ తాలూకా కడవెండిలో, జులై 4వ తేదీన విసునూరు దేశ్‌ముఖు మనుష్యుల కాల్పులకు దొడ్డి కొమరయ్య నేలకొరగెను; పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన కౌలుభూమిలోని పంటను విడువక నిలిచెను; తిరుమలగిరి కనతిదూరముననే యున్న కరివిరాల గ్రామమున పుట్టిన భీమిరెడ్డి నరసింహారెడ్డి సాయుధపోరాట దళములకు నాయకుడయ్యెను. ఆ తొలినాళ్లలో ఈ సీమ ప్రజలకు ఆయుధములన్న వడిసెలలు, గుతుపలు, రోకళ్లు, కారపుపొడి మాత్రమే. పిట్టలను తోలుటకు మంచెమీద నిలిచి వడిసెల త్రిప్పిన చేతులే ఊరిమీదికి వచ్చు గూండాలమీద రాళ్లు రువ్వినవి. అడవిలోని దళమునకును ఊరికిని నడుమ వార్తలు మోయువారు రాత్రులయందు గుట్టలు దాటి, వాగులు దాటి, అడుగుల చప్పుడు వినబడకుండ పోయెడివారు. ఏ కాళ్లు దొర బండికి ముందు పరుగెత్తెనో ఆ కాళ్లే తమ ఊరి వార్తను తామే మోసికొనిపోవుట ఈ నేలమీది పరుగునకు తొలి స్వాతంత్ర్యమని నేను భావింతును. పోరాటము 1951 అక్టోబరులో విరమింపబడినది గాని, బండిముందు పరుగెత్తు ఆచారము మరల తలయెత్తలేదు.

అట్లని ఈ సీమకు వినోదక్రీడలు లేవని చెప్పుట సత్యదూరము. పాలమూరు సీమకు చెందిన సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘికచరిత్రలో రాజులకును యుద్ధములకును మించి ప్రజల ఆటపాటలకు చోటిచ్చి, పిల్లల ఆటలును చరిత్రకెక్కదగినవేయని నిరూపించినారు. చెడుగుడు, కోతికొమ్మచ్చి, చిఱ్ఱగోనె, ఉప్పుబేరలు ఆడని బాల్యము తెలంగాణమున లేదు. అయితే ఆటకు తీరిక వలయును, తీరికకు కడుపునిండ తిండి వలయును. పాలమూరు కూలీలు దేశమంతట ప్రాజెక్టులకు మట్టి మోయుటకు వలసపోవుచుండ, వారి పిల్లల ఆట మధ్యలోనే ఆగిపోవుచుండెను.

నల్లగొండ బాల్యమునకు మఱియొక శత్రువు నీటిలోనే యుండెను. భూగర్భజలములలో ఫ్లోరైడు మితిమీరి యుండుటచే, విశేషించి జిల్లా పశ్చిమభాగమందలి మర్రిగూడ, మునుగోడు ప్రాంతములలో, ఎముకలు వంకరవోయి, కీళ్లు బిగిసి, మెడ త్రిప్పలేక, గొంతుకూర్చుండలేక బాధపడిన వారు వేలకొలది కలరు. పరుగెత్తువానికి మోకాలు మడువవలెను, తుంటి విచ్చుకొనవలెను, వెన్ను నిలువవలెను. ఫ్లోరైడువలన కలుగు ఫ్లోరోసిస్ వ్యాధి హరించునది ఈ మూటినే. పటికయు సున్నమును కలిపి నీటిలోని ఫ్లోరైడును పేరబెట్టి తీయు పద్ధతికి శాస్త్రలోకమున నల్లగొండ పద్ధతియని పేరు వచ్చినది. ఒక జిల్లా పేరు తన వ్యాధికి కనుగొన్న చికిత్స ద్వారమున ప్రపంచమునకు తెలియుట ఎంతటి దుఃఖమయమైన కీర్తి! నదీజలములను ఇంటింటికి చేర్చు మిషన్ భగీరథ పథకమునకు 2015లో నాడు ఈ జిల్లాలోనిదైన చౌటుప్పలులోనే పైలాన్ ఆవిష్కరించుటలో గల ఔచిత్యము ఆ దుఃఖము నెఱిగినవారికే బోధపడును. శుద్ధమైన నీరు క్రీడాసామగ్రిలో మొదటిదని నేను నిస్సంశయముగ చెప్పుదును.

ఇక మన కథలో మలుపు తిప్పిన ఘట్టమునకు వచ్చెదను. 1971వ సంవత్సరము నవంబరు 23వ తేదీన నల్లగొండ జిల్లా సర్వేలు గ్రామమున, నాటి విద్యాభిమానియు పాలకుడునైన పి.వి. నరసింహారావుగారి సంకల్పముతో, సర్వోదయ నాయకుడు మద్ది నారాయణరెడ్డిగారి భూదానముతో, ఒక గురుకుల పాఠశాల వెలసెను. పల్లెటూరి పేదవాని బిడ్డకు ప్రభుత్వమే తిండిపెట్టి, పడకనిచ్చి, చదువు చెప్పు ఆ తలంపు అక్కడనే ఆగక, కాలక్రమమున దేశమునకే మార్గదర్శకమైనది. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టము వచ్చినది. ఆ చట్టమును కాగితమునుండి పల్లెకు తెచ్చుటకై తపించిన ఎస్.ఆర్. శంకరన్‌గారివంటి అధికారులే దళిత బాలబాలికల విద్యకును దన్నుగా నిలిచిరి. 1980వ దశకమున సాంఘిక సంక్షేమ గురుకులములు ఆరంభమై, తరువాతి కాలమున వందలసంఖ్యకు పెరిగినవి. వెట్టిని తొలగించుటయు, గురుకులమును నెలకొల్పుటయు ఒకే న్యాయబుద్ధికి రెండు చేతులని గ్రహించిననే ఈ చరిత్ర యొక్క అంతస్సూత్రము దొరకును.

గురుకులమునకును పరుగునకును సంబంధమేమని అడుగువా రుందురు. ఇంటినుండి బడికి వచ్చిపోవు బాలికకు ఉదయము నీళ్లు మోయుటయు, సాయంకాలము చెల్లిని ఎత్తుకొనుటయు, సెలవునాడు పత్తి ఏరుటయు తప్పవు. పదునాలుగేండ్లు నిండగానే పెండ్లిమాటలు మొదలగును. గురుకులమున నున్న బాలికకు తెల్లవారుజామున ఒక గంట, సాయంకాలము ఒక గంట తనవి. గ్రుడ్డు, పాలు, అన్నము వేళకు లభించును. వ్యాయామోపాధ్యాయురాలు ఆమెను నేడును, రేపును, వచ్చే సంవత్సరమును చూచుచుండును గావున, ఎవతె కాలు వేగముగలదో, ఎవతె ఊపిరి దీర్ఘమైనదో గుర్తించుటకు వ్యవధి యుండును. అథ్లెటిక్స్ అను విద్యకు కావలసిన మూలధనము ఈ నిరంతరతయే.

సరిగా ఇదే కాలమున ప్రపంచమును యువక్రీడాకారులను వేరుగా లెక్కించుట నేర్చుకొనుచుండెను. 1986లో ఏథెన్సు నగరమున ఇరువదేండ్లలోపు వారికి తొలి ప్రపంచ జూనియర్ పోటీలు జరిగెను. 1999లో పోలండు దేశపు బిడ్గోష్ నగరమున పదునెనిమిదేండ్లలోపు వారికి తొలి ప్రపంచ యూత్ పోటీలు జరిగెను. 2010లో సింగపూరున తొలి యువజన ఒలింపిక్స్ జరుగగా, నాలుగువందల మీటర్ల హర్డిల్స్‌లో దుర్గేశ్‌కుమార్, డిస్కస్ విసురుటలో అర్జున్ అను భారతీయ బాలురు రజతపతకములు గెలుచుకొనిరి. ఈ పోటీల నియమములలో నాకు మిక్కిలి ప్రియమైన దొకటి కలదు. పెద్ద స్త్రీలు దాటవలసిన వంద మీటర్ల హర్డిలు ఎత్తు 83.8 సెంటీమీటర్లు కాగా, పదునెనిమిదేండ్లలోపు బాలికలకు అది 76.2 సెంటీమీటర్లే, పురుషుల ఇనుపగుండు 7.26 కిలోలు కాగా ఆ వయసు బాలురకు 5 కిలోలే. ఎదుగుచున్న ఎముకకు మోయగలిగినంత బరువే ఈయవలెనని ప్రపంచము శాసనముగ వ్రాసికొన్నది. బాలుని తలమీద పెద్దవాని బరువును మోపుటయే ఆచారముగా గల ఊళ్ల నుండి వచ్చిన మనకు ఆ నియమములోని దయ ఎంతటిదో వేరుగ చెప్పనక్కఱలేదు.

ఆ వేదికలపై తెలంగాణ గురుకులమునుండి నడచివచ్చిన వారిలో అగసర నందిని పేరు ముందుగ చెప్పదగినది. చాయ దుకాణము నడుపుకొను కుటుంబమున పుట్టి, నార్సింగి సాంఘిక సంక్షేమ గురుకులమున చదివి, ద్రోణాచార్య పురస్కారగ్రహీతయగు నాగపురి రమేశ్‌గారి శిక్షణలో ఎదిగిన యీ బాలిక, 2021లో కెన్యా రాజధాని నైరోబీలో జరిగిన ఇరువదేండ్లలోపు ప్రపంచపోటీలలో వంద మీటర్ల హర్డిల్స్ బాటపై భారతదేశము పక్షమున నిలిచెను. ఆ పరుగులో మొదటి హర్డిలునకు 13 మీటర్లు, పిమ్మట ఒక్కొక్కదానికి నడుమ 8.5 మీటర్లు, అట్టివి పది. రెండు హర్డిళ్ల నడుమ మూడే అంగలు పడవలెను. నాలుగవ అంగకు చోటులేదు, రెండింటితో చేరుట అసాధ్యము. అంగ వేయకముందే శరీరము దానిని ఎఱిగియుండవలెను. ఆ ఎఱుక వేల ఉదయముల అభ్యాసమునగాని రాదు.

రెండేండ్లు గడచిన పిమ్మట, 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో, రెండు దినములలో ఏడు విద్యలను పరీక్షించు హెప్టాథ్లాన్‌లో ఆమె 5712 పాయింట్లతో కాంస్యము గెలుచుకొనెను. నాలుగవ స్థానమున నిలిచిన స్వప్నా బర్మన్‌తో అంతరము నాలుగే పాయింట్లు. 2025లో దక్షిణ కొరియాలోని గుమిలో జరిగిన ఆసియా పోటీలలో 5941 పాయింట్లతో స్వర్ణమునే సాధించెను. అదే గురువు చేతిలో రూపొందిన వరంగల్లు జిల్లా కల్లెడ బిడ్డ జీవాంజి దీప్తి, 2024లో జపానులోని కోబె నగరమున, మేధోవైకల్యము గలవారి విభాగమున నాలుగువందల మీటర్లను 55.07 సెకండ్లలో ముగించి ప్రపంచరికార్డు నెలకొల్పి, అదే సంవత్సరము పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యము తెచ్చెను. ఈ రెండు పేర్లు రెండు కుటుంబముల అదృష్టము మాత్రమే కావు. పల్లెలోనో పేదవాడలోనో పుట్టిన బిడ్డకు గుర్తించు కన్నును, పెట్టు చేయియు, నేర్పు గురువును వరుసగా లభించినచో ఏమగునో చూపిన నిదర్శనములు.

ఈ వరుస మొదలగునది మండలస్థాయి పాఠశాలా క్రీడలలో. ఆ దినమున బడి ఆవరణమున సున్నపుపొడితో గీతలు గీయుదురు. గాలికి సగము గీత చెదరిపోవును. పిల్లలు చాలవఱకు వట్టికాళ్లతో నుందురు. ఒకరి బూట్లు ఇంకొకరు అడిగి తొడుగుకొందురు. ఉపాధ్యాయుడు ఈల నోటబట్టి చేయి పైకెత్తగా, ఎనిమిదిమంది బాలికలు చున్నీలు నడుమునకు బిగించి ముందునకు వంగి నిలుతురు. ఇచ్చటినుండి జిల్లాకు, జిల్లానుండి రాష్ట్రమునకు, రాష్ట్రమునుండి దేశమునకు మెట్లు కలవు. మొదటి మెట్టు మట్టిదై యున్నంతకాలము దానిని మనమే చదును చేసి, కొలిచి, కాపాడవలెను. ప్రతి మండలకేంద్రమున నాలుగువందల మీటర్లు సరిగా కొలిచిన ఒక బాట, ఒక ఇసుకగుంట, పిల్లల ఎత్తునకు తగిన పది హర్డిళ్లు ఉండవలెనని కోరుట అత్యాశ గాదు. 2026లో సెనెగల్ రాజధాని డాకారున, ఆఫ్రికా ఖండమున మొట్టమొదటి సారిగా, యువజన ఒలింపిక్స్ జరుగవలసియున్నవి. ఆ పిదపను జరుగుచునే యుండును. వానికి పోవలసిన బాలిక నేడు ఏ చెల్కలో పత్తి ఏరుచున్నదో మనమే వెదకవలెను.

అథ్లెటిక్స్ శాస్త్రమున పరుగుబాటలో ఒక్కొక్కరికి కేటాయించు గీతల నడుమ వెడల్పు 1.22 మీటర్లు. హర్డిల్స్‌లోను, వంద, రెండువందల, నాలుగువందల మీటర్ల పరుగులలోను ఆ గీత దాటి ఇంకొకరి దారిలో అడుగుపెట్టి లాభము పొందినవాడు, ఎంతటి ఘనుడైనను, పోటీనుండి తొలగింపబడును. తాతముత్తాతలు ఇంకొకరి బండికి దారి తొలగించుచు పరుగెత్తిన ఈ బాటలనుండి వచ్చిన బిడ్డకు, మొదటి గీత నుండి తుదిగీత వఱకు, 1.22 మీటర్ల వెడల్పున ఒక దారి తనదిగా నుండును. దాని నామెకొరకు కాపాడుటకు గీతవెంట అధికారులు నిలిచియుందురు.