ఒక్కటే చేసిన కారు

లెక్క వ్రాయువానికి ఖర్చు వెంటనే కానవచ్చును. జమ యెన్నఁడు వచ్చునో తెలియదు. విద్యకై చేసిన వ్యయము ఇట్టిదే. ఇంగ్లండు దేశమున ఇద్దఱు మిత్రులు తమ చేతులతో నిర్మించిన యొక పందెపు కారు చరిత్రము దీనికి నిదర్శనము.

అలెక్ ఇసిగోనిస్ 1906వ సంవత్సరమున ఏజియన్ సముద్రతీరమందలి స్మిర్నా పట్టణమున జన్మించెను. తండ్రి గ్రీకు సంతతివాఁడు. ఓడల యంత్రములకు సంబంధించిన కర్మశాల కలవాఁడు. 1922లో గ్రీకు తురుష్క యుద్ధమున ఆ పట్టణము తురుష్కుల వశమగు తఱి, ఆ కుటుంబము ఇల్లు వాకిలి విడిచి ఓడ నెక్కి మాల్టా ద్వీపము చేరెను. అనతికాలమునకే తండ్రి గతించెను. తల్లితో ఇంగ్లండు చేరి, లండనులో బాటర్సీ పాలిటెక్నిక్‌నందుఁ జదివిన ఆ యువకుఁడు గణితపరీక్షలో ముమ్మాఱు తప్పెను. చిత్రలేఖనమున మాత్రము అతని చేయి మేటి.

జీవనమునకు ఉద్యోగము చేయుచునే, జార్జి డౌసన్ అను మిత్రునితోఁ గూడి, తీరిక వేళల నాతఁడు ఒక కారు నిర్మింపఁ బూనెను. విద్యుత్తుతో నడచు పనిముట్లు లేవు. కోఁతయు నునుపును చేతితోనే. ఏండ్లు గడచినవి. తుదకు 1938లో బండి పూర్తియయ్యెను. దానికి 'లైట్‌వెయిట్ స్పెషల్' అని పేరిడిరి. తేలికయైన ప్రత్యేకపు బండి యని భావము.

నాఁటి కార్లకు అడుగున బరువైన ఉక్కు చట్రము, దానిపై వేఱుగా తొడిగిన దేహము ఉండెడివి. వీరు ఆ భేదమునే తొలఁగించిరి. ప్లైవుడ్ పలకలకు అల్యూమినియము రేకు తొడిగి ప్రక్కలు కూర్చిరి. ఆ దేహమే చట్రమై భారము మోసెను. కుదుపు లోర్చుటకు ఉక్కు స్ప్రింగులకు మాఱుగా రబ్బరును వాడిరి. ఇంజను చిన్న ఆస్టిన్ సెవెన్ కారుది. కొండదారి పందెములలో మిత్రు లిద్దఱును దానిని నడపిరి. అట్టిది మఱియొకటి చేయలేదు, అమ్మకమునకుఁ బెట్టలేదు. ఆ నాఁటి లెక్కలో అంతయు ఖర్చే.

జమ తరువాత వచ్చెను. 1936లో మోరిస్ కంపెనీలోఁ జేరిన ఇసిగోనిస్ రూపకల్పన చేసిన మోరిస్ మైనర్ 1948లో వెలువడెను. హిందూస్థాన్ మోటార్స్ వారు దానినే 'బేబీ హిందూస్థాన్' అను పేర మన దేశమునకుఁ దెచ్చిరి. 1959లో వచ్చిన 'మినీ' కారు పొడవు ఇంచుమించు 10 అడుగులే. ఇంజనును అడ్డముగా నిలిపి నలుగురికిఁ జోటు కల్పించిరి. దానియందును ఉక్కు స్ప్రింగులు లేవు. అలెక్స్ మౌల్టన్ అను ఇంజనీరు కూర్చిన రబ్బరు శంకువులే కుదుపు లోర్చెను. 2000వ సంవత్సరము వఱకు 53 లక్షలకుఁ బైగా మినీ కార్లు తయారయ్యెను. గణితమున ముమ్మాఱు తప్పిన వానిని 1967లో రాయల్ సొసైటీ తన సభ్యునిగాఁ జేర్చుకొనెను. 1988లో ఆయన దివంగతుఁ డయ్యెను.

ఒక్క బండికై ఇద్దఱు యువకులు వెచ్చించిన యేండ్లను వ్యర్థమని యెవ్వఁడు కొట్టివేయఁగలఁడు? పరీక్షలో తప్పిన బాలుఁడు మన గ్రంథాలయమునకు వచ్చి యంత్రముల పుస్తకము తెఱచినచో, వానిని మందలింపక దీపము కాస్త దగ్గఱకు జరుపుట పెద్దల ధర్మము.