పాట రాని ఇల్లు

2013 నవంబరు. షికాగోకు ఉత్తరాన, మిషిగన్ సరస్సు ఒడ్డున ఉన్న హైలాండ్ పార్క్. ఊరికి అలవాటు లేని సంఘటన ఒకటి ఆ వారం జరుగుతోంది. ఒక ఇంటికి వేలంపాట. గేటు మీద పెద్ద అంకెలు, 23. వాటిని చూశాక ఇల్లెవరిదని షికాగోలో చిన్నపిల్లాడు కూడా అడగడు. బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డాన్‌ది.

కనీస ధర 1 కోటి 30 లక్షల డాలర్లు. పాట మొదలైంది, ముగిసింది. ఆ ధరను అందుకున్నవాడు ఒక్కడూ లేడు.

రెండేళ్లు కూడా తిరగక ముందు, 2012 ఫిబ్రవరి చివర్లో, ఇదే ఇంటికి జోర్డాన్ చెప్పిన ధర 2 కోట్ల 90 లక్షలు. 2013 మొదట్లో దాన్ని 2 కోట్ల 10 లక్షలకు దించారు. చివరికి తొలి ధరలో సగం కూడా లేని మొత్తాన్ని కనీస ధరగా పెట్టి వేలానికి పెడితే అదీ పలకలేదు. ఇల్లు పాడుబడిందా అంటే లేదు. దొంగ కాగితాలా అంటే కాదు. యజమాని పేరు ప్రపంచంలో తెలియనివారు అరుదు. మరి ఎక్కడ తేడా కొట్టింది?

కొనాలని వచ్చిన ఒక కోటీశ్వరుణ్ని ఊహించుకుని, ఆయన వెనకే గేటు దాటి లోపలికి వెళ్దాం. ఏడెకరాల పైచిలుకు స్థలం. 56,000 చదరపు అడుగుల కట్టడం. పధ్నాలుగు వందల అడుగుల మన ఫ్లాట్లు నలభై పడతాయి. తొమ్మిది పడకగదులు, పందొమ్మిది స్నానాల గదులు. గుండ్రటి ఈతకొలను, దాని నడుమ పచ్చిక దిబ్బ. గోల్ఫ్ సాధనకు కత్తిరించిన గడ్డి. సిగార్ కాల్చుకోవడానికి ప్రత్యేకంగా ఒక గది. ఇక ఇంటికి ప్రాణం లాంటిది, పూర్తి కొలతల బాస్కెట్‌బాల్ కోర్టు. నేల మధ్యలో, బంతితో గాల్లోకి లేచిన జోర్డాన్ బొమ్మ.

చూస్తుంటే కళ్లు చెదురుతాయి. కానీ కోటీశ్వరుడు కళ్లతో కొనడు. 'నేను బాస్కెట్‌బాల్ ఆడను, ఈ కోర్టును ఏం చేసుకోను?' అనుకుంటాడు. ఇంకొకడి బొమ్మ మీద నడుస్తూ బతకాలా అని కూడా అనుకుంటాడు. హైలాండ్ పార్క్‌లో గొప్పవాళ్లు ఎగబడి కొనేది సరస్సుకు ఎదురుగా ఉన్న ఇళ్లు. ఈ ఇల్లు సరస్సు మీద లేదు, ఊరి లోపలికి ఉంది. ఆస్తిపన్నే ఏటా లక్ష డాలర్లు దాటుతుంది. అంత డబ్బు చేతిలో ఉన్నవాడికి ఫ్లోరిడాలో సముద్రమే దొరుకుతుంది. జోర్డాన్ కూడా ఫ్లోరిడాలోనే వేరే ఇల్లు కట్టుకున్నాడు!

జోర్డాన్ వైపు నుంచి చూస్తే లెక్క వేరు. ఈ ఇల్లు 1995లో పూర్తయింది. ఆ తర్వాత వరసగా మూడేళ్లు, 1996, 97, 98లో, షికాగో బుల్స్ జట్టుకు టైటిళ్లు తెచ్చిపెట్టింది ఈ ఇంట్లో ఉంటూనే. పిల్లలు పెరిగిందీ, సంసారం 2006లో విడాకులతో ముగిసిందీ ఈ ఇల్లు ఆయనదిగా ఉన్న కాలంలోనే. వీటిలో ఏది 2 కోట్ల 90 లక్షల్లోకి చేరిందో మనం చెప్పలేం. కానీ ఆ ఊళ్లో అమ్ముడుపోయిన ఇళ్ల ధరలు చూసి వేసిన అంచనా మాత్రం కాదది. ఇల్లినాయ్‌లో ఏ ఇల్లు ఎంతకు చేతులు మారిందో రికార్డుల్లో ఎవరైనా చూసుకోవచ్చు. ఆ రికార్డులు చూసినవాడెవడూ అంత ధర చెప్పడు.

ఇది ధనవంతుల జబ్బు మాత్రమే అనుకుంటే పొరపాటు. డేనియల్ కానెమన్, జాక్ నెచ్, రిచర్డ్ థేలర్ అనే పరిశోధకులు 1990లో ప్రచురించిన ప్రయోగాలు ఇప్పటికీ క్లాసుల్లో చెబుతారు. కొందరి చేతికి కాఫీ మగ్గులు ఇచ్చి, ఎంతకైతే అమ్ముతారని అడిగారు. మిగిలినవాళ్లను ఎంతకైతే కొంటారని అడిగారు. ఒక ప్రయోగంలో అమ్మేవాళ్లు చెప్పిన ధరల్లో మధ్యది 7 డాలర్లకు కాస్త పైనే ఉంది. కొనేవాళ్లది 3 డాలర్ల దాకా కూడా రాలేదు. నిమిషాల ముందు చేతికొచ్చిన మగ్గు మీదే అంత మమకారం పుడితే, పిల్లలు పెరిగిన ఇంటి సంగతి వేరే చెప్పాలా?

వేలం విఫలమయ్యాక ఏ షావుకారైనా 1 కోటి 30 లక్షలకు దిగువన ఆలోచిస్తాడు. జోర్డాన్ తరఫువాళ్లు ఇంటిని తిరిగి 1 కోటి 60 లక్షలకు పెట్టారు. పలకని ధర కన్నా పైకి! ఈ కథలో నాకు అన్నిటికన్నా వింతగా తోచేది ఇదే అనుకునేవాణ్ని, 2015లో వచ్చిన ధర చూసేదాకా. 1,48,55,000 డాలర్లు. ఒక్కో అంకె కూడండి. ఒకటి, నాలుగు, ఎనిమిది, అయిదు, అయిదు. ఇరవై మూడు. ఆయన జెర్సీ నంబరు!

ముచ్చటగానే ఉంది, కాదనను. కానీ ఆ ధర ఎవరి కోసం కట్టింది? చెక్కు రాయాల్సినవాడికి 23తో పనేముంది? మూడేళ్లలో కోటిన్నర డాలర్లకు దగ్గరగా కిందికి దిగాక కూడా, ఆ ధర అమ్మేవాడి అద్దంలోనే చూసుకుంటోంది. అడిగినంతా ఇస్తే, కొన్నవారి కాళ్ల సైజులో జోర్డాన్ బూట్ల రకాలన్నీ కానుకగా ఇస్తామన్నారని అప్పట్లో వార్తలొచ్చాయి. బూట్ల కోసం కోటిన్నర డాలర్ల ఇల్లు కొనేవాడు రాలేదు.

మన కాలనీల్లో ఏ ఆదివారమైనా వినిపించే మాటలకు దీనికీ పెద్ద దూరం లేదు.

"సార్, ఒకటి ఇరవైకి పార్టీ రెడీగా ఉంది."

"పక్క వీధిలో ఒకటిన్నరకి పోయిందటగా?"

"అది ఈస్ట్ ఫేసింగ్ సార్, పైగా కార్నర్ బిట్టు."

"మాది టేకు తలుపులయ్యా. కిచెన్‌కే ఎనిమిది లక్షలు పెట్టాం."

మధ్యవర్తి ఇంకేమీ అనడు, టీ తాగి వెళ్లిపోతాడు. కిచెన్‌కు పెట్టిన ఎనిమిది లక్షలు యజమాని చిట్టాలో భద్రంగా ఉంటాయి. కొనేవాడు ఆ కిచెన్ పీకించి కొత్తది వేయించుకోవడానికి ఎంతవుతుందో లెక్కేసుకుంటూ ఉంటాడు. పైగా మన దగ్గర ఇంకో చిక్కుంది. దస్తావేజులో ఉండే ధర ఒకటి, చేతులు మారే ధర ఒకటి. అందుకే పక్కింటి అమ్మకం గురించి విన్న పుకారే మనకు మార్కెట్ రేటు. ఆ పుకారు పెరుగుతుందే గానీ తరగదు.

ఇల్లు అమ్మకానికి పెట్టిన మొదటి వారాల్లోనే అసలైన బేరగాళ్లు వస్తారు. అప్పటికే నాలుగిళ్లు చూసి, బ్యాంకు లోను మాట్లాడుకుని, కొత్తగా ఏదొస్తుందా అని కాచుక్కూర్చున్నవాళ్లు వాళ్లు. మొదటి ధర వాళ్లను తరిమేస్తే, ఆరు నెలల తర్వాత తగ్గించిన ధర వాళ్ల చెవిన పడదు. వాళ్లు ఎక్కడో గృహప్రవేశం చేసేసి ఉంటారు. తర్వాత వచ్చేవాళ్లు వేసే మొదటి ప్రశ్న ధర గురించి కాదు. ఇన్నాళ్లు ఎందుకు అమ్ముడుపోలేదని!

అయితే పట్టుబట్టి కూర్చున్నవాడికి ఎప్పుడూ నష్టమే అనడం కూడా న్యాయం కాదు. డేవిడ్ జెనెసోవ్, క్రిస్టఫర్ మేయర్ 1990లలో బోస్టన్ నగరంలోని ఫ్లాట్ల అమ్మకాలను పరిశీలించి 2001లో ఒక పరిశోధన ప్రచురించారు. కొన్న ధర కన్నా తక్కువకు అమ్ముకోవాల్సి వచ్చినవాళ్లు, ఆ నష్టంలో పావు వంతు నుంచి 35 శాతం దాకా అడిగే ధర మీద వేసుకున్నారు. వాళ్లకు ఇతరుల కన్నా కాస్త ఎక్కువే దక్కింది. కాకపోతే చాలాకాలం ఆగాల్సి వచ్చింది. ఆగగలిగినవాడికి అదో దారి. కూతురి పెళ్లి ముహూర్తం పెట్టుకున్నవాడికీ, కొత్త ఫ్లాటు వాయిదా కట్టాల్సినవాడికీ ఆ దారి లేదు. జోర్డాన్ ఆగగలడు. అప్పటికే ఒక బాస్కెట్‌బాల్ జట్టుకు యజమాని.

మమకారం లేనివాళ్లు ధర కడితే సరిగ్గా వస్తుందా? ముంబై విలే పార్లేలో, విమానాశ్రయం పక్కన, విజయ్ మాల్యా విమాన సంస్థ కార్యాలయం కింగ్‌ఫిషర్ హౌస్ ఉండేది. అప్పులిచ్చిన బ్యాంకులు దాన్ని 2016 మార్చిలో 150 కోట్ల రూపాయల కనీస ధరకు వేలానికి పెట్టాయి. ఒక్క పాటా రాలేదు. పక్కనే విమానాశ్రయం కాబట్టి అక్కడ ఎత్తుగా కట్టుకోవడానికి వీల్లేదు. ఆ సంగతి కొనేవాళ్లందరికీ తెలుసు. తర్వాత 135 కోట్లన్నారు, ఆపైన 115, ఆపైన 103.5. వేలానికీ వేలానికీ మధ్య తగ్గుతూ పోయే ధర, బేరగాళ్లతో 'ఇంకొంచెం ఆగండి' అని చెప్పినట్టే పనిచేస్తుంది. వాళ్లు ఆగారు కూడా. 2021లో హైదరాబాద్‌కు చెందిన ఒక రియల్ ఎస్టేట్ సంస్థ దాన్ని 52.25 కోట్లకు సొంతం చేసుకుంది. మొదటి ధరలో మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ.

హైలాండ్ పార్క్‌లో 1,48,55,000 మాత్రం తొమ్మిదేళ్ల పాటు ఒక్క డాలరు కదల్లేదు. 2020లో జోర్డాన్ మీద పది భాగాల డాక్యుమెంటరీ వచ్చి, లాక్‌డౌన్‌లో ప్రపంచమంతా చూసింది. ఆ ఊపులోనూ ఇల్లు పోలేదు. అమ్మకానికి పెట్టినప్పటి నుంచి పన్నెండేళ్లలో ఆస్తిపన్ను ఒక్కటే 12 లక్షల డాలర్లు దాటి ఉంటుంది. తోటమాలుల జీతాలు, చలికాలంలో అంత ఇంటిని వెచ్చగా ఉంచడానికయ్యే ఖర్చు వేరే.

2024 సెప్టెంబరులో బేరం కుదిరిందన్న వార్త పొక్కింది. డిసెంబరులో అమ్మకం పూర్తయింది. ధర 95 లక్షల డాలర్లు. మొదట అడిగినదాంట్లో మూడో వంతు. 2013లో పలకలేదని వెనక్కి తీసుకున్న వేలం కనీస ధర కన్నా 35 లక్షలు తక్కువ. అడుగుతున్న ధర కన్నా 53 లక్షల 55 వేలు తక్కువ. ఈసారి అంకెలు కూడితే 14 వచ్చింది.