భద్రగిరి త్రోవలో యాత్రికులు, కోయలు

శ్రీరామనవమికి ఖమ్మము వైపునుండి పోవు బస్సులు కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాద్రి చేరును. ఆ బాటకు దూరముగా, అడవి నానుకొనియున్న ములకలపల్లి వైపు తిరుగు యాత్రికుడు అరుదు. అచ్చట చూచుటకు ఏమున్నదని అడుగువారికి జవాబు చెప్పుట కష్టము. అచ్చటి కోయపల్లెలలో ఉన్నది పరులకు చూపుటకై ఏర్పడినది కాదు. పెండ్లి, విత్తులు చల్లుటకు ముందు భూమిపండుగ, డోలు, ఆట, ఇవన్నియు వారి కొరకే. ఇట్టివానిని చూచుటకు పరులు వచ్చినప్పుడు వాని కేమగును? ఈ సీమలో ఆ ప్రశ్న కొత్తది కాదు.

భద్రాద్రి కథయే ఇందుకు సాక్షి. పోకల దమ్మక్క యను అడవి జాతి స్త్రీ భద్రగిరిపై పుట్టలో స్వామి విగ్రహములను కనుగొని, పందిరి వేసి, తాటిపండ్లు నైవేద్యము పెట్టెనని ఐతిహ్యము. గోలకొండ ప్రభువు అబుల్ హసన్ తానీషా కాలమున పాల్వంచ పరగణా తహసీలుదారైన కంచర్ల గోపన్న గుడి కట్టించుట, చెరసాల పాలగుట అందరెరిగినదే. రామదాసు కీర్తన వినని తెలుగు ఇల్లు లేదు. దమ్మక్క పేరు మాత్రము అంతగా వినబడదు. గుడి పెరిగినకొలది, మొదట ఆతిథ్యమిచ్చిన వారు గుంపులో ఒకరైరి.

గోదావరి చాలకాలము రెండు రాజ్యములకు ఎల్లగా నుండెను. 1860లో భద్రాచల ప్రాంతము నిజామునుండి బ్రిటిషువారి వశమై, 1874లో మద్రాసు రాజధానిలో చేరెను. 1959లో ఖమ్మము జిల్లాలో కలిసెను. 1965లో వంతెన ఏర్పడువరకు ఈ గట్టు వారు నది దాటుటకు పడవయే దిక్కు. రాజమహేంద్రవరమునుండి లాంచీలలో వచ్చువారు పాపికొండల నడుమ కొండరెడ్ల పల్లెలను చూచుచు వచ్చెడివారు. ఆ కొండరెడ్ల నడుమ నివసించి, వారినిగూర్చి హైమెన్‌డార్ఫ్ పండితుడు వ్రాసిన గ్రంథము 1945లో వెలువడినది. తరువాతి కాలమున విహారపు లాంచీలు పేరంటపల్లి రేవున ఆగసాగినవి. కొండరెడ్లు వెదురుతో పూలకుండీలు, చిన్నపడవలు చేసి అమ్మసాగిరి. ఇందు తప్పేమియు నాకు తోచదు. వెదురు పూలకుండీతో ఎవరును పూజ చేయరు. అది అతిథి కొరకే పుట్టిన వస్తువు.

కోయల కొమ్ము ఆట సంగతి వేరు. దున్నకొమ్ములు, నెమలి ఈకలు తలపై ధరించి, డోళ్లు మ్రోయించుచు పురుషులు ఎదురెదురుగా కదలగా, స్త్రీలు చేయిచేయి పట్టి ఆడుదురు. పెండ్లిలో దానికి గడియారము లేదు. వేదికపై అతిథుల స్వాగతమునకు పది నిమిషములు చాలును. కుదించినది ఆటయేనా?

ఇట్టి ప్రశ్నలనే వాలీన్ స్మిత్ సంపాదకత్వమున 1977లో వెలువడిన ‘ఆతిథేయులు, అతిథులు’ అను ఇంగ్లీషు వ్యాససంపుటి విచారించినది. అందు డేవిడ్ గ్రీన్‌వుడ్ అను అమెరికను మానవశాస్త్రజ్ఞుడు స్పెయినులోని ఫుయెంతెర్రాబియా యను బాస్కు పట్టణమును వర్ణించెను. 1638లో ఫ్రెంచివారి ముట్టడిని ఎదుర్కొన్న జ్ఞాపకముగా ఆ ఊరివారు ఏటేట ‘అలార్దె’ యను ఉత్సవము జరుపుకొందురు. చూడవచ్చువారి సౌకర్యమునకై ఒకేనాడు రెండుమారులు జరుపవలెనని 1969లో పురపాలకులు నిర్ణయించిరి. అనతికాలములోనే పాల్గొనువారు దొరకుట కష్టమాయెను. ఊరివారు తమకై చేసికొను పండుగ, పరులకై చేయు కొలువుగా మారెను. అయినను ఆ ఉత్సవము చావలేదు. తరువాత బాస్కుల రాజకీయ చైతన్యముతో అది మరల బలపడినదని గ్రీన్‌వుడ్ తానే చేర్చి చెప్పెను.

కనుక వేదిక ఎక్కిన ప్రతి ఆటయు పాడైపోయెనని కన్నీరు కార్చుట తొందరపాటు. మణుగూరు ప్రాంతపు డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య 2022లో పద్మశ్రీ పొందెను, 2024లో కన్నుమూసెను. ఆయన వంటివారు గోత్రముల పుట్టుపూర్వోత్తరములను, సమ్మక్క సారలమ్మల కథలను డోలు మ్రోతతో గానము చేయుదురు. ఆ కథలు చిత్రించిన గుడ్డపటములకు ‘పడిగెలు’ అని పేరు. పడిగె ప్రదర్శనశాల గోడపై ఎంత కాలమైనను వ్రేలాడవచ్చును. దానిని పాడువాడు లేనిచో అది రంగుల గుడ్డ. బిరుదు మంచిదే. పాట నేర్చు పిల్లవాని కూలి మాట ఎవరు తలపోయుదురు?

మేడారములో మరియొక తీరు కానవచ్చును. రెండేండ్లకొకమారు మాఘపూర్ణిమ వేళ జరుగు ఆ జాతర 1996లో రాష్ట్రపండుగగా ప్రకటింపబడినది. లక్షల జనము వచ్చి, బంగారమని పేరుపెట్టి బెల్లము సమర్పింతురు. సమ్మక్క కుంకుమభరిణె రూపమున చిలుకలగుట్ట దిగునప్పుడు పోలీసు అధికారి గాలిలోనికి తుపాకి పేల్చి వందనము చేయును. ఆమెను ఎప్పుడు తేవలెనో నిర్ణయించువారు మాత్రము కోయ పూజారులే. గుట్టపై వారు చేయు పూజ రహస్యము. క్రింద ఎంత జనము వేచియున్నను, ఆ చోటికి యాత్రికునకు ప్రవేశము లేదు.